రేపు చూద్దాంలే అత్తగారు

"మీ అత్తయ్య ఏమంటోందంటే..." అని మొదలుపెట్టాడు మామగారు.

నిజానికి అత్తగారు ఏమీ అనలేదు. సినిమా ఆడిన సాయంత్రం నుంచి ఆవిడ ఇంట్లో ఎవరి ముందూ పెదవి విప్పలేదు. చెప్పదలచుకున్నదంతా పిండిమర ముందున్న రేకు పళ్ళెంలో పిండి పరిచి వేలితో రాస్తోంది. ఎదుటివాళ్ళు కూడబలుక్కుని చదివేలోపు అరచేత్తో చెరిపేస్తోంది. ఆ వేగాన్ని అందుకోగలిగింది ఇంట్లో ఒక్క మామగారే. కదిలే బస్సులో, కుదుపుల మధ్య టికెట్లు చింపుతూ ఉద్యోగం వెళ్ళదీసిన కండక్టరు ఆయన. అందుకని మర పక్కనే స్టూలు వేసుకుని కూర్చుంటున్నాడు.

"...ఆ సీను తీసెయ్యాలట," అని ముగించాడు.

"ఆ మాట నిన్న కూడా రాశారు మామయ్యా," అంది కోడలు.

"ఇవాళ కింద గీత కూడా గీసిందమ్మా."

కోడలు తల పట్టుకుంది. ఆమెది ఊళ్ళ మీద తిరిగే ఉద్యోగం. కడుపుతో ఉన్నవాళ్ళు ఎందుకు చచ్చిపోతున్నారు, ఆలస్యం ఎక్కడ జరుగుతోంది అని గడప గడపకీ వెళ్ళి అడిగింది. ఆలస్యం రోడ్డు మీద కాదనీ, ఆసుపత్రిలో కూడా అంతగా కాదనీ తేలింది. ఇంట్లో, నడిమి గదిలో, అందరూ కుర్చీలు వేసుకుని 'ఎవరిని అడుగుదాం' అనుకునే చోట కాలమంతా హరించుకుపోతోంది. ఆ సంగతి లావుపాటి పుస్తకంగా అచ్చయింది. ఏ ఆడవాళ్ళని అడిగి రాసిందో ఆ ఆడవాళ్ళెవరూ దాన్ని చదవలేదు.

అందుకే సినిమా తీసింది. కెమెరా మొగుడిది. వెనకనుంచి వినపడే గొంతు ఆడపడుచు గువ్వది. చిన్నప్పుడు నిద్రలో కూడా కువకువలాడుతూ ఉండేదని ఇంట్లో అందరూ ఆ పిల్లని గువ్వ అనే పిలుస్తారు. ఇప్పుడు తనకే ఎనిమిదో నెల. మొగుడు లారీ డ్రైవరు, లోడు వేసుకుని వెళ్తే ఎప్పుడొస్తాడో ఆ లారీకే తెలియాలి.

ఇక అత్తగారి సీను. అది వెయ్యాల్సిన నాటకాలావిడ ఆ రోజు రాలేదు. ఆవిడకి బదులు నిలబెట్టిన మనిషి మాటలన్నీ అప్పజెప్పినట్టు చెబుతుంటే, అన్నం క్యారియరు తెచ్చిన అత్తగారు చూడలేకపోయింది. "అత్తలు అలా మాట్లాడతారటే? జరుగు" అని తనే కుర్చీలో కూర్చుంది. నొప్పితో మెలికలు తిరుగుతున్నట్టు కోడలి వేషం వేసిన పిల్లని కింది నుంచి పైకి చూసి, "ఏం కాదులే, రేపు చూద్దాం" అంది. ఒక్కసారికే అయిపోయింది. మళ్ళీ తియ్యాల్సిన పని లేకపోయింది.

"మీది చాలా ముఖ్యమైన పాత్ర అత్తయ్యా" అని కోడలు అంటే, ఆవిడ సినిమా ఆడే రోజు తలకి నూనె రాసుకుని ముందు వరసలో కూర్చుంది. గిడ్డంగి గోడ మీద తెర కట్టి వేశారు. ఆవిడ ఆ మాట అనగానే ఊరు ఊరంతా గొల్లున నవ్వింది. అందరూ తెర వదిలేసి ఆవిడ వైపు తిరిగి చూశారు. మర్నాటి నుంచి ఆవిడ పిండిమర అమ్మ కాదు, 'రేపు చూద్దాంలే అత్త.'

"అత్తయ్యా, ఆ సీనే సినిమాకి ప్రాణం. అది తీసేస్తే మిగిలేది నా పుస్తకం."

అత్తగారు వేలు కదిపింది. చెరిపేసింది.

"'అయితే పుస్తకమే వెయ్యి' అంటోంది," అన్నాడు మామగారు.

"రేపు ఏటి అవతలి ఊళ్ళలో ఆట ఉంది. అక్కడ కడుపుతో ఉన్నవాళ్ళు, వాళ్ళ అత్తలు, అందరూ వస్తున్నారు."

"'వాళ్ళనీ నవ్వమను' అంటోంది."

సరిగ్గా అప్పుడే ఎదురింటి దర్జీ గోధుమల డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టాడు. మనిషి మంచివాడే. నోటికి మాత్రం హద్దు లేదు.

"ఏమ్మా, ఇప్పుడే ఆడిస్తారా... రేపు చూద్దామా?" అని, తన హాస్యానికి తనే కడుపు పట్టుకుని నవ్వాడు.

అత్తగారు గోధుమలు తొట్టిలో పోసి, రాళ్ళ మధ్య సందు పెంచే మర చక్రాన్ని రెండు చుట్లు వదులు చేసింది. ఆ రోజు దర్జీ ఇంటికి ఇసక కంటే ముతక పిండి వెళ్ళింది.

ఈ గొడవలో కొడుకు ఏడీ అంటే, లోపలి గదిలో కంప్యూటరు ముందు ఉన్నాడు. సినిమాని కత్తిరించి అతికించే పని కూడా అతనిదే. తల్లి తలుపు కొడితే "ఫైలు సేవ్ అవుతోందమ్మా" అంటాడు. పెళ్ళాం పిలిస్తే "ఫైలు సేవ్ అవుతోంది" అంటాడు. ఆ ఫైలు పెళ్ళయిన నాటి నుంచీ సేవ్ అవుతూనే ఉంది.

కోడలు వెళ్ళి కుర్చీ వెనక నిలబడింది. "మీ అమ్మకి నువ్వే చెప్పు."

"నేనేం చెప్పను?"

"ఆ సీను ఉండాలని."

"అమ్మ తీసెయ్యమంటోందిగా."

"నువ్వేమంటున్నావు?"

అతను నీళ్ళు నమిలాడు. "మీరిద్దరూ ఒక మాట అనుకుంటే... నేను అదే అంటాను."

"మంచిది. అప్పటిదాకా ఆ మైకు బస్తాల గదిలో పెట్టు. గువ్వ చేత మళ్ళీ చదివించాలి."

మళ్ళీ చదివించడానికీ కారణం ఉంది. మొదటి ఆటలో గువ్వ చదివిన మాటలు పుస్తకంలోంచి దిగినవి. 'గర్భిణీ స్త్రీలలో అధిక రక్తపోటు సూచనలు' అని మొదలవగానే వెనక వరసలో ఒక ముసలమ్మ "వార్తలు వచ్చాయే, లేవండి" అని చాప చుట్టేసింది. కోడలికి రోషం వచ్చింది. తర్వాత సిగ్గేసింది. కూర్చుని అన్నీ మనుషులు మాట్లాడుకునే మాటల్లోకి మార్చింది. మొన్నటి నుంచి అవే చదివిస్తోంది. ఒక్క పేజీ మాత్రం ఎంతకీ కుదరడం లేదు.

బస్తాల గది మర వెనకే ఉంది. నాలుగు వైపులా పిండి బస్తాలు పైకప్పు దాకా ఉండటంతో మాట గోడలకి తగిలి తిరిగి రాదు. పట్నంలో స్టూడియోకి ఇచ్చే అద్దె మిగిలిందని కోడలు మురిసిపోయింది. ఒక్కటే చిక్కు, మర ఆగి ఉండాలి. మర స్విచ్చు అత్తగారి చేతిలో ఉంది.

గువ్వ బస్తా మీద చతికిలబడింది. కోడలు హెడ్‌ఫోన్లు పెట్టుకుని వేలు పైకెత్తింది.

"తలనొప్పి వచ్చి ఎంతకీ..."

గడగడగడ మని మర మొదలైంది.

కోడలు బయటికి పరుగెత్తింది. అత్తగారు ఖాళీ తొట్టి ముందు నిలబడి ఎటో చూస్తోంది.

"లోపల గింజ లేదు కదత్తయ్యా! దేనికి తిప్పుతున్నారు?"

పిండిలో వేలు కదిలింది.

"'బెల్టు వేడెక్కాలి' అంటోంది," అన్నాడు మామగారు, ఎవరి కళ్ళలోకీ చూడకుండా.

బతిమాలగా బతిమాలగా మర ఆగింది. గువ్వ కాగితం మొహానికి దగ్గరగా పెట్టుకుంది. తర్వాత దూరంగా పట్టుకుంది.

"తలనొప్పి వచ్చి ఎంతకీ తగ్గ... తగ్గ..."

"తగ్గకపోయినా."

"ఆఁ, అదే. అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటున్నాయి వదినా."

"ఈ బల్బు ఖర్మ అంతే," అని కోడలు కొత్త బల్బు పెట్టించింది.

కొత్త బల్బు వెలుగులో గువ్వ కళ్ళు మూసుకుంది. వెలుతురు గుచ్చుతోందంది. సరేనని అక్షరాలు పెద్దవి చేసి, కాగితం మళ్ళీ అచ్చు తీయించింది కోడలు. అవీ అలుక్కుపోయాయి. మామగారి కళ్ళజోడు తెచ్చి పెట్టారు. అక్షరాలు లావెక్కి ఇంకా దూరం జరిగాయి.

"ఇంట్లో ఇంతమంది ఉన్నారు, ఒక్కరి కళ్ళజోడూ నాకు సరిపోదు," అని నవ్వబోయింది గువ్వ. నవ్వు సగంలో ఆగింది. కణతలు నొక్కుకుంది. "తల పగిలిపోతోంది వదినా."

"పగలదూ మరి? ఆ మర మోత అలాంటిది. మీ అమ్మ చలవే ఇదంతా."

మళ్ళీ మర మొదలైంది. మళ్ళీ కోడలి పరుగు. ఈసారి మామగారు తర్జుమా చెయ్యకుండానే "నేను టీ తాగొస్తాను" అని లేచిపోయాడు.

మర ఆగాక గువ్వ ఈసారి కాగితం చూడకుండా, గుర్తున్నంత వరకు చెప్పింది. గొంతు నూతిలోంచి వచ్చినట్టు వచ్చింది. "తలనొప్పి వచ్చి ఎంతకీ తగ్గకపోయినా... కళ్ళు మసకలు కమ్మినా... మొహం, చేతులు వాచినా... ఆలోచించొద్దు. ఎవరి కోసమూ ఆగొద్దు..."

కోడలు హెడ్‌ఫోన్లు చెవులకి అదుముకుంది. మొహం వెలిగిపోయింది.

"అబ్బ! ఇదీ కావలసింది! ఆ నీరసం అచ్చం నిజంలా ఉంది గువ్వా. మొన్నటి నుంచి నీ గొంతులో ఇదే రావడం లేదు. చివరి మాట మింగేశావు గానీ, ఇంకొక్కసారి ఇలాగే చెప్పు."

చదువుకున్న మనిషే. లావుపాటి పుస్తకం రాసిన మనిషే. చెవులు మూసి మరీ వింటోంది. ఆ చెవుల్లోకి గువ్వ గొంతు వెళ్తోంది గానీ గువ్వ మాట వెళ్ళడం లేదు.

"కాసేపు పడుకోనా వదినా? కళ్ళ ముందు ఏవో మెరుపులు తిరుగుతున్నాయి. ఈ ఉంగరం కూడా చూడు, పొద్దున్నుంచి రావడం లేదు."

"ఎండాకాలం వేళ్ళు ఉబ్బుతాయి. ఈ ఒక్క పేజీ కానిచ్చెయ్యి, బంగారం."

"వదినా..."

"ఏం కాదులే," అంది కోడలు, మైకు సర్దుతూ. "రేపు చూద్దాం."

గుమ్మం దగ్గర ఏదో మెత్తగా కింద పడింది. ఖాళీ గోతాం. దాని కోసం వచ్చిన అత్తగారు, మోచేతుల దాకా పిండితో, తలుపు పట్టుకుని నిలబడి ఉంది.

"ఆ మాట నాది," అంది.

అన్ని రోజులు పలక్కుండా ఉండి, గొంతు బొంగురు పోయింది. కోడలికి హెడ్‌ఫోన్లలో ఆ మాట రెండింతలు గట్టిగా వినపడింది. ఉలిక్కిపడి తీసేసి మెడలో వేసుకుంది.

"మాట్లాడారు! అత్తయ్యా, మీరు మాట్లాడారు!"

"ఆ మాట నాదే కోడలా. ఊరంతా నన్ను చూసి నవ్వింది ఆ మాటకే. నీ నోట్లోకి ఎలా వచ్చింది?"

కోడలు నోరు తెరిచింది. తన నోట్లోంచి ఏ మాట వచ్చిందో ఇప్పుడు తెలిసింది. చేతిలో కాగితం ఉంది. కాగితం మీద తనే, కొత్తగా, పెద్ద అక్షరాలతో రాసిన మాటలున్నాయి. తలనొప్పి. మసకలు. వాపు. ఒకసారి కాగితం చూసింది, ఒకసారి గువ్వని చూసింది.

అత్తగారు అప్పటికే కింద కూర్చుని కూతురి పాదం ఒళ్ళోకి తీసుకుంది. బొటనవేలితో చీలమండ మీద నొక్కింది. పడిన గుంట పడినట్టే ఉండిపోయింది. పిండి అంటిన వేలిముద్ర ఒకటి దాని మీద.

"లే తల్లీ. పోదాం."

అంతే, ఇల్లు కదిలింది. కదిలింది అంటే, అందరూ నడిమి గదిలోకి వచ్చారు.

"అల్లుడితో ఒక మాట అనుకుంటే బాగుంటుందేమో," అన్నాడు టీ గ్లాసుతో సహా వచ్చిన మామగారు. ఫోను చేశాడు. అల్లుడు అందుబాటులో లేడని ఫోనులో అమ్మాయి ఎవరో తీయగా చెప్పింది. "ఓ పది నిమిషాలు ఆగి మళ్ళీ చేస్తాను. వాళ్ళ బిడ్డ కదా, అడక్కుండా ఎలా?"

"ముందు మనకి తెలిసిన డాక్టరుగారికి ఫోన్ చేసి కనుక్కుంటే?" అన్నాడు కొడుకు. "ఊరికే వెళ్తే మళ్ళీ వెనక్కి పంపుతారేమో."

"బట్టలు సర్దాలి," అన్నాడు మామగారు. "వేడినీళ్ళ సీసా కావాలి. మరకి తాళం వెయ్యాలి."

"ముందు మనమందరం కాస్త కూర్చుని..." అన్నాడు కొడుకు, కుర్చీ లాగుతూ.

అత్తగారు ఆ కుర్చీని కాలితో తన్నింది.

"ఇది మూడో సీను," అంది. "నాలుగో సీనులో మీరందరూ కూర్చుంటారు. అయిదో సీనులో పిల్ల పడిపోతుంది. నేను చూశానర్రా ఈ సినిమా. మీరే కదా తీశారు!"

కొడుకు కుర్చీ వదిలేసి బండి తాళం కోసం పరుగెత్తాడు.

పిండి బస్తాలు చేరవేసే ట్రాలీ ఆటో వాకిట్లోనే ఉంది. వెనక ఖాళీ గోతాలు దొంతరగా పరిచి, వాటి మీద గువ్వని ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టారు. తల తల్లి ఒళ్ళో, కాళ్ళు వదిన ఒళ్ళో. మామగారు వెనక రేకు పట్టుకుని వేలాడి, పాత అలవాటు కొద్దీ బండి మీద రెండు దెబ్బలు వేసి "రైట్ రైట్!" అన్నాడు.

సందు మలుపులో దర్జీ అడ్డం వచ్చాడు, చేతిలో డబ్బాతో. "అమ్మా, ఈ పిండేంటమ్మా ఇలా..."

"రేపు చూద్దాంలే!" అని కేకేసింది అత్తగారు. ఆటో ఆగలేదు. దర్జీకి నవ్వాలో వద్దో తెలియలేదు.

ఆటో గుంటలో పడ్డప్పుడల్లా గువ్వ మూలిగింది. మూలిగినప్పుడల్లా కోడలు ఆమె పాదాలు ఇంకాస్త గట్టిగా పట్టుకుంది. ఆమె మెడలో హెడ్‌ఫోన్లు అలాగే వేలాడుతున్నాయి. వాటి తీగ భుజాన ఉన్న సంచిలోకి వెళ్తోంది. సంచిలో రికార్డరు ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది. ఆ సంగతి ఎవరూ గమనించలేదు.

"అత్తయ్యా," అంది కోడలు చివరికి. "ఆ సీను తీసేస్తాను."

"ఎవరు తియ్యమన్నారు?"

"మీరే కదా, గీత గీసి మరీ..."

"ఊరు నవ్వితే నాకేం? నవ్వుకోనీ. నా పక్కన కూర్చుని నువ్వు కూడా నవ్వావు. నాకు అదే మండింది."

"మీ నటన అంత బాగుందని నవ్వానత్తయ్యా. నిజంగా."

"నాకు నటన రాదు," అంది అత్తగారు.

కోడలికి ఆ మాట ఎక్కడో తగిలింది. ఆ కుర్చీలో కూర్చుని, ఒక్కసారికే, వెతుక్కోకుండా ఆ మాట ఎలా వచ్చిందో ఇన్నాళ్ళకి అర్థమైంది. అలాంటి మాట ఎప్పుడో, ఎవరితోనో నిజంగా అన్న మనిషికే అంత తేలిగ్గా వస్తుంది. ఎవరితో అని అడగడానికి ధైర్యం చాలలేదు.

"సీను ఉంచు," అంది అత్తగారు, కూతురి నుదురు తుడుస్తూ. తుడిచిన చోటల్లా పిండి అంటింది. "ఇంకోటి కలుపు. బస్తాల గది సీను. నీ వేషం నువ్వే వెయ్యి."

ఆసుపత్రి వసారాలో నర్సు గువ్వ చేతికి రక్తపోటు చూసే పట్టీ చుట్టి గాలి కొట్టింది. అంకె చూసింది. పట్టీ విప్పి, రెండో చేతికి చుట్టి మళ్ళీ కొట్టింది. ఇంటిల్లిపాదీ ఆమె మొహమే చూస్తున్నారు. నర్సు కళ్ళు అత్తగారి మీద ఆగాయి.

"మీరు... ఆ సినిమాలో అత్తగారు కదూ?"

"అవును తల్లీ. ఈసారి తొందరగానే తీసుకొచ్చాను."

"తొందరేం కాదు," అంది నర్సు. "తలనొప్పి ఎప్పట్నుంచి?"

"పొద్దున్నుంచి," అంది గువ్వ, కళ్ళు మూసుకునే.

"పొద్దున్నుంచే," అన్నాడు మామగారు.

"పొద్దున... నాతో చెప్పింది," అంది కోడలు.

"కాదు."

ఆ మాట అన్నది కొడుకు. ఇంట్లో ఏ గొడవలోనూ ఒక పక్కకి రాని మనిషి. అందరూ తిరిగి చూశారు. అతను ఆటో తాళం చేతిలో నలుపుతున్నాడు.

"మొన్నట్నుంచి," అన్నాడు. "మొన్న చదివినప్పుడు మధ్యలో ఆగి, 'అన్నయ్యా, ఈ తలనొప్పేంటి ఇలా ఉంది' అంది. నిన్న కూడా అంది, రెండుసార్లు. అవి మనకి కావలసిన మాటలు కావు కదా అని... నేనే కత్తిరించేశాను."

గువ్వ కళ్ళు తెరవకుండా చెయ్యి చాపి, అందిన చోట, అన్న చొక్కా అంచు పట్టుకుంది. తిట్టడానికో ఓదార్చడానికో అతనికి తెలియలేదు. అతను అక్కడే నిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

నర్సు గువ్వ పడుకున్న మంచాన్ని తోసింది. మంచం చక్రాల మీద లోపలికి వెళ్ళిపోయింది. తలుపు మూసుకుంది.

బల్ల మీద నలుగురూ వరసగా కూర్చున్నారు. మామగారు అల్లుడికి మళ్ళీ ఫోను చేశాడు. అదే అమ్మాయి అదే తియ్యదనంతో అదే చెప్పింది. "ఈవిడకి నా గొంతు గుర్తుండిపోయి ఉంటుంది," అన్నాడాయన దిగులుగా. ఎవరికీ నవ్వు రాలేదు. కాసేపటికి అత్తగారికి వచ్చింది. పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూ నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది.

తలుపు తెరుచుకుని డాక్టరమ్మ బయటికి వచ్చింది. వయసులో చిన్నది, అడుగు మాత్రం గట్టిగా వేస్తోంది.

"సూది ఇచ్చాం. ఫిట్స్ రాకుండా చూస్తున్నాం. రక్తపోటు మాత్రం చాలా ఎక్కువగా ఉంది. బిడ్డకి నెలలు నిండలేదు, ఇంకొన్నాళ్ళు లోపలే ఉంటే బిడ్డకి మంచిది. ఆగితే తల్లికి ప్రమాదం. ఇవాళే బయటికి తియ్యాలని నా సలహా. మీ ఇంట్లో నిర్ణయం ఎవరిది?"

మామగారు ఫోను వైపు చూశాడు. కొడుకు తల్లి వైపు చూశాడు. కోడలు కూడా అత్తగారి వైపే చూసింది. గడప గడపకీ తిరిగి, పుస్తకం రాసి, సినిమా తీసిన కోడలు, అలవాటుగా, అత్తగారి వైపే చూసింది.

అత్తగారు లేచి నిలబడింది. ఆ ఇంట్లో పెళ్ళి ఎప్పుడో, పొయ్యి ఎప్పుడో, మర ఎప్పుడో చెప్పేది ఆవిడే. ఇప్పుడు కూడా మాట నోటి దాకా వచ్చింది. చేతుల మీది పిండి వంక చూసుకుంది. ఆ మాట మింగేసింది.

"లోపలున్నదానికి నోరుంది డాక్టరమ్మా," అంది. "ఊరూరా వినపడే నోరు. మేమెవ్వరం దాన్ని ఒక్క మాట అడగలేదు. మీరడగండి."

డాక్టరమ్మ ఒక్క క్షణం ఆవిడని చూసి, లోపలికి వెళ్ళింది. తలుపు పూర్తిగా మూసుకోలేదు. ఆ సందులోంచి ఏదో అడుగుతున్నట్టు వినపడింది. బల్ల మీదివాళ్ళు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు. ఎవరి చెయ్యి ఎవరు పట్టుకున్నారో వాళ్ళకే తెలియదు.

అప్పుడు గువ్వ గొంతు వచ్చింది. నీరసంగానే ఉంది గానీ ఒక్క అక్షరం కూడా తడబడలేదు.

"మా వదిన బయటే ఉందా? ఉంటే ఆ హెడ్‌ఫోన్లు చెవులకి పెట్టుకోమనండి. ఒక్కసారే చెబుతాను. ఇంకోసారి చెప్పమంటే చెప్పను."

కోడలు మెడలోని హెడ్‌ఫోన్లు రెండు చేతులతో ఎత్తి, నిజంగానే చెవులకి పెట్టుకుంది.